నాకూ వదిన

ఎవరికి ఏ జబ్బు వచ్చినా అది తనకీ ఉందనడం, వదినగారికున్న ఒకే ఒక్క జబ్బు. ఎదురింటాయన మోకాలు పట్టేసిందంటే "నాకూ!" అనేది. పక్కింటి పాపకి పన్ను ఊడితే "నాకూ కదులుతోంది!" అనేది. వీధి చివర పెద్దాయన ప్రోస్టేటు ఆపరేషను చేయించుకొస్తే చూడ్డానికి వెళ్లి, అలవాటు కొద్దీ "నాకూ..." అని నోరు తెరిచింది. గదిలో అందరూ తలెత్తి చూసేసరికి, "...దాహంగా ఉంది" అని గ్లాసుడు నీళ్లు తాగి వచ్చేసింది. వీధంతా ఆవిడని 'నాకూ వదిన' అనే పిలిచేది.

ఆవిడ తమ్ముడి భార్య దీనికి పూర్తిగా ఎదురు. కుట్టుపని చేసేది. చొక్కాలకి చేత్తో కాజాలు కుట్టడంలో ఆమెకి పేరుంది. ఒళ్లు కాలిపోతున్నా "బాగానే ఉన్నాను" అనేది. రొమ్ములో గడ్డ కనిపించి, పరీక్షల్లో క్యాన్సరని తేలిన రోజు కూడా పక్కింటివాళ్లతో ఆ మాటే అంది.

తమ్ముడు లారీ నడుపుతాడు. సగం రోజులు రోడ్డు మీదే. "అక్కా, దానికి తోడుగా ఆస్పత్రికి వెళ్తావా?" అని అడిగాడు. అడిగాక భయమేసింది.

"అక్కా, అక్కడ మాత్రం..."

"అక్కడేమిట్రా?"

"నీకూ ఉందనకు. నిజంగానే మంచం ఇచ్చేస్తారు."

వదిన మాటిచ్చింది. ఆ మాట మొదటి కీమో సెలైను సగానికి దిగేదాకా నిలిచింది.

"వికారంగా ఉందా అమ్మా?" అని నర్సు మరదలిని అడిగింది.

"లేదండీ, బాగానే ఉన్నాను," అంది మరదలు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"నాకు కడుపులో తిప్పేస్తోంది!" అంది వదిన.

"మందు ఎక్కిస్తున్నది మీకు కాదు కదండీ!"

"చూస్తే చాలు నాకు. ఆ వికారం మాత్రేదో ఇటివ్వండి."

"మీకివ్వకూడదు."

"పోనీ దానికివ్వండి. అది మింగుతుంటే చూసి తృప్తిపడతాను."

నర్సు నవ్వుతూనే డాక్టరుని అడిగొచ్చి మాత్ర ఇచ్చింది. మరదలు సిగ్గుతో చచ్చిపోతూ మింగింది. కాసేపటికి కడుపు కుదుటపడింది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆస్పత్రిలో మెట్ల పక్కన ఒక గది ఉంది. కీమో చేయించుకునేవాళ్లకి అక్కడ ఊపిరి సాధన, సంగీతం, చేతుల మర్దన ఉంటాయి. "ఇవి మందుకి బదులు కాదు, మందుతో పాటు," అని ఆ గది చూసుకునే ఆవిడ మొదటే చెప్పింది. తోడు వచ్చినవాళ్లూ కూర్చోవచ్చంది. అదే ఆవిడ చేసిన పొరపాటు.

కళ్లు మూసుకుని మెల్లగా ఊపిరి తీసుకోమంటే వదిన గురక పెట్టింది. సంగీతం పెడితే పక్కావిడతో తన నడుం నొప్పి గురించి పాటకంటే గట్టిగా చెప్పింది. బయట ఎవరో అమ్మిన మూలికల పొడి ఒకటి పట్టుకొచ్చింది. డాక్టరుకి చెప్పకుండా ఏ పొడీ వాడకూడదు, కీమో మందుతో పడకపోవచ్చని గది చూసుకునే ఆవిడ లాక్కోబోతే, "అయితే దానికొద్దు, నాకే," అని కొంగున దాచుకుంది.

"వదినా, అందరూ మనల్నే చూస్తున్నారు," అనేది మరదలు.

"చూడనీవే. డబ్బులిచ్చి చూస్తారు ఇలాంటివి."

ఒకరోజు మర్దన చేసే అమ్మాయి మరదలి చెయ్యి తీసుకుని ఒక్కో వేలూ రాస్తూ ఆగిపోయింది. వేళ్ల కొసల నిండా సూది పోట్లు. ఒక దాని మీద రక్తం ఎండిపోయి ఉంది.

"ఇవి నొప్పెట్టడం లేదా అక్కా?"

"ఏవి?" అంటూ మరదలు వేలు చూసుకుంది. గభాలున చెయ్యి వెనక్కి లాక్కుని, "పని చేసే చేతులు కదమ్మా, బాగానే ఉన్నాయి," అంది.

పక్క కుర్చీలో వదిన చేతులు చాచుకుని కూర్చునుంది. "నాకూ" అనలేదు. ఆవిడ చూడలేదనుకుని మరదలు ఊరటపడింది.

కీమో మందుకి వేళ్లు మొద్దుబారి చాలా రోజులైంది. సూది పట్టుకుందో లేదో చూస్తే తప్ప తెలియడం లేదు. కాజాలు వంకర పోతున్నాయి. డాక్టరుకి చెబితే మందు ఆపేస్తాడు. ఆపితే గడ్డ పెరుగుతుంది. వేళ్లా, ప్రాణమా అన్న లెక్క ఆమె ఒక్కతే మనసులో వేసుకుని, నోరు మూసుకుంది.

తర్వాతి సెలైనుకి ముందు డాక్టరు అడిగాడు. "ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నానండీ."

"నాకు బాలేదు డాక్టరుగారూ," అంటూ వదిన కుర్చీ ముందుకు లాక్కుంది. "వేళ్లు మొద్దుబారిపోయాయి. గుండీ పెట్టుకోలేకపోతున్నా. సూది దిగినా తెలియడం లేదు."

మరదలు తన వేళ్లు కొంగులో దాచుకుంది. వదిన జన్మలో సూది పట్టుకుని ఎరగదు.

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చిన్న దూది ముక్క తీసుకుని, "కళ్లు మూసుకోండి. తగిలినప్పుడు చెప్పండి," అన్నాడు. దూది తగిలీ తగలకముందే వదిన కితకితలు పెట్టినట్టు నవ్వింది.

"మీ వేళ్లు భేషుగ్గా ఉన్నాయి."

"అలాగా! అయితే దానివి కూడా చూసెయ్యండి. పనిలో పని."

మరదలు కళ్లు మూసుకుంది. కాసేపు ఎదురుచూసి, "ఎప్పుడు పెడతారండీ?" అంది.

"పెట్టాను. తీసేశాను కూడా," అన్నాడు డాక్టరు.



"చెబితే మందు ఆపేస్తారని..." అంది మరదలు, కళ్లు తెరవకుండానే.

"ఆపడం ఒక్కటే దారి కాదమ్మా. మోతాదు తగ్గిస్తాం, లేదా వేరే మందుకి మారుస్తాం. చెప్పకుండా ఉంటేనే వేళ్లకి ప్రమాదం. ఇప్పటికైనా తెలిసింది, నెమ్మదిగా చాలావరకు స్పర్శ తిరిగి రావచ్చు. గడ్డ కూడా బాగా తగ్గింది."

ఊపిరి నేర్పే ఆవిడ ఎంత చెప్పినా రానంత పొడుగాటి ఊపిరి ఒకటి మరదలి లోపలినుంచి వచ్చింది.

వరండాలోకి వచ్చాక అడిగింది. "మీకెలా తెలిసింది వదినా?"

"నాకేం తెలుసు? నా వేళ్లు నిజంగానే మొద్దుబారాయి."

"దూది తగిలితే అంత నవ్వారుగా!"

"అది వేరే జబ్బు. పద, బస్సు పోతుంది."

బస్సెక్కగానే వదిన కిటికీ పక్కన సర్దుకుని కూర్చుంది. మరదలు కూర్చోకుండా కమ్మీ పట్టుకుని నిలబడింది.

"వదినా, నాకు కిటికీ పక్కన కావాలి."

"ఏమన్నావ్?"

"గాలి కావాలి నాకు. లేవండి."

వదిన ఆమె ముఖంలోకి ఓ క్షణం చూసింది. తర్వాత లేచి, బస్సంతా వినపడేలా, "చూశారా అమ్మా! నోరు తెరిచిన మొదటిరోజే నా సీటుకి ఎసరు పెట్టింది!" అంది. అంటూనే, ఇంకెవరూ ఆ సీట్లోకి దూరకుండా మరదలు కూర్చునేదాకా రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది.