అత్త అడిగిన వన్స్ మోర్

మా మేనత్త పోయిందని మొన్న కోసిగి నుంచి కార్డు వచ్చింది. చావు కబురు ఇంట్లోకి తేకూడదంటారు. గడప బయటే చదివి, చించేసి, తలకు నీళ్ళు పోసుకున్నాను. కార్డు చేరేసరికే మూడు రోజులు గడిచాయి. కర్నూలులో కూర్చుని నేను చేయగలిగింది ఇంకేమీ లేకపోయింది.

ఆమె మా నాయనకు అక్క. పత్తి బాగా పండిన ఒక ఏడు మామ ఆమెకు గ్రామఫోను తెచ్చిచ్చాడు. పిల్లలు లేరు. మామ పోయాక ఆ పెట్టే ఆమెకు తోడు. పాటల ప్లేట్లు చాలానే ఉన్నా ఆమెకు పాటగాడు ఒక్కడే, కృష్ణుడి వేషం కట్టే ఒక పాతకాలపు నాటకాల ఆయన. చిన్నప్పుడు ఆదోనిలో డేరా నాటకంలో ఆయన పద్యాలు విన్నదట. మగవాళ్ళంతా వన్స్ మోర్ అని అరుస్తుంటే తనూ నోరు తెరవబోయిందట. ఆడపిల్లవి, నోరు ముయ్యమని వాళ్ళమ్మ తొడపాశం పెట్టిందట. అప్పుడు మింగిన మాటను జన్మంతా ఇంట్లో అన్నది. ప్లేటు ఒక పక్క అయిపోగానే వేలెత్తి, మెల్లగా, "వన్స్ మోర్" అనేది. సెలవులకు పోయినప్పుడల్లా లేచి కీ ఇచ్చేది నేనే.

ప్లేట్లను మిద్దెలో చీకటిగదిలో, నీళ్ళ కడవ పక్కన పడుకోబెట్టేది. "మనిషికి ఎండ తగిల్తే నీడకు పోయి లేస్తాడు. ప్లేటుకు తగిల్తే ఇంగ బాగుపడదబ్బయ్యా" అనేది. ఆ మాట వందసార్లు విన్నాను. విని ఏం లాభం?

పదేళ్ళుగా ఆ పాటగాడి కొత్త ప్లేటు లేదు. గొంతు పోయిందన్నారు, మానేశాడన్నారు. మొన్న శివరాత్రికి, మళ్ళీ పాడాడని, ప్లేటు వస్తోందని తెలిసింది. అప్పటికే అత్త కడుపునొప్పితో మంచం పట్టింది. చేసేదేమీ లేదని డాక్టరు మాతో చెప్పేశాడు. ఆమె మాత్రం కార్డు మీద కార్డు రాయించింది. వాటిలో నొప్పి ఊసే లేదు. "ప్లేటు వచ్చిండాదా? అంగడాయప్పను మళ్ళా అడిగినావా?" అంతే. ఉగాది పోయింది, శ్రీరామనవమి పోయింది. రోజూ సాయంత్రం కర్నూలులో ప్లేట్ల అంగడి మెట్లు ఎక్కడం, ఉత్తచేతులతో దిగడం నా పనైంది.

చివరికి వైశాఖంలో వచ్చింది. పగలకూడదన్న ధ్యాస ఒక్కటే నాకు. నాలుగు పంచెల మధ్య చుట్టి రేకు ట్రంకులో పెట్టాను. కండక్టరు ఆ ట్రంకును బస్సు టాపు మీదికి ఎక్కించాడు. ఆదోని దాకా నడినెత్తిన ఎండ. నా బుర్రకు తట్టనే లేదు.

కోసిగి చేరేసరికి అత్త పంచలో పడుకుని ఉంది. కొత్త ప్లేటు వినడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. ప్లేటు తీసి చూస్తే ఒక అంచు అప్పడంలా లేచి ఉంది.

"టాపు మీద ఏసినారా అబ్బయ్యా?" మెల్లగా అడిగింది అత్త.

"లేదత్తా. ఒళ్ళోనే పెట్టుకోని వచ్చినా."

నా ముఖం ఒకసారి చూసింది. "సరే, పెట్టు" అంది.

ముల్లు ఎక్కుతూ దిగుతూ పోయింది. పద్యం వంకర్లు తిరిగింది. పక్కింటామె మొహం చిట్లించి, "ఇదేందక్కా, ఇట్లుండాది?" అని అడిగింది.

"ఆయప్పకూ వయసైంది గదమ్మా. గొంతు వణుకుతాండాది" అంది అత్త. "అయినా శానా బాగ పాడినాడు."

అని, వేలెత్తింది. "వన్స్ మోర్."

నేను తల వంచుకుని కీ ఇచ్చాను. పదిమందిలో నా పరువు కాపాడింది, తాను ప్రాణం పెట్టుకున్న గొంతును ముసలిది చేసి మరీ. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇక ఎవరికి చెప్పను?

తిరిగి వచ్చిన రోజే ఇంకో ప్లేటుకు చెప్పి పెట్టాను. నెల పడుతుందన్నాడు అంగడాయన. కార్డు ముందు వచ్చింది. ప్లేటు నిన్న వచ్చింది.

సంగతి తెలియని అంగడాయన దాన్ని అక్కడే పెట్టి వినిపించాడు. ముల్లు ఎక్కడా లేవలేదు. పాటగాడి గొంతు ఎక్కడా వణకలేదు. పద్యం అయిపోయింది. ముల్లు చివరి గీతలో గరగరమంటూ తిరుగుతోంది. అంగడాయన తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాను. అది అట్లాగే తిరుగుతూ ఉంది.