పాత సైలెన్సర్ చప్పుడు

నాయిన పాత బండిని కేఫ్ రేసర్‌గా, అంటే పాతకాలపు రేసు బండి లెక్క, మార్పిస్తున్న. నిన్న కోదాడ షెడ్డుల మెకానిక్ యాదన్న పాత సైలెన్సర్ ఊడదీస్తే కాలిన ఆయిల్ వాసన గుప్పుమన్నది. నేను మళ్లీ ఆరేండ్ల పోరగాన్నయిన.

కార్మికుల ఇండ్లల్ల పెరిగిన దోస్తులారా, మీకూ యాదుంటది. మేళ్లచెరువు దిక్కు ఫ్యాక్టరీల ఒకాయన చెయ్యి మిషన్ల పడితే, న్యాయం కావాలని నాయిన గేటు కాడ కూసున్నడు. "ఇంటికి ఎట్ల పోతవో సూస్తం" అని ఓనర్ మనుషులు బెదిరిచ్చిన్రు. ఇగ రోజూ పొద్దుగూకంగనే అమ్మ గురగురమనే కిరసనాయిలు స్టవ్ బంద్ చేసి చెవులు రిక్కించేది. మా బండి చప్పుడైతేనే గడియ తీసేది. వేరే బండి ఆగితే నన్ను బియ్యం బస్తా ఎనక దాచి, తడి చేత్తో నా నోరు మూసేది.

నిన్న సాయంత్రం, మిర్యాలగూడ నుంచి తెప్పించిన కొత్త సైలెన్సర్ బిగించిన బండితో ఇంటి ముందు ఆగిన. లోపల గడియ పడ్డది.

"ఎవలది?" అమ్మ లోపల్నుంచే అడిగింది.

"నేనే అమ్మా!"

తలుపు తెరిస్తే నాయిన చాయ్ తాగుతున్నడు. "నేను ఈడనే ఉన్న గదనే, ఎవలి కోసం పరేషాన్?" అని నవ్విండు.

అమ్మ నవ్వలే. నా సంచిల యూనియన్ కరపత్రాల దిక్కు సూసింది.

"ఇప్పుడు నువ్వు పోతున్నవ్ గదరా ఆ గేటు కాడికి. సీటు కోసుకో, హ్యాండిల్ వంచుకో. పాత సప్పుడు మాత్రం ఉంచు. వచ్చేది నువ్వేనని నాకు తెల్వాలె."



ఇయ్యాల పొద్దున పాత సైలెన్సరే బిగించమన్న. "రేసర్ అందమంత ఖతం తమ్మీ" అన్నడు యాదన్న. "కానియ్యన్నా" అన్న నేను.

ఇయ్యాల గేటు కాడికి పోతున్న. పొద్దుగూకంగనే అమ్మ స్టవ్ బంద్ చేసి వింటుంటది.