నల్లకుక్కకు శనివారం రొట్టెలు

ఛత్రినాకలో మా మామగారి బర్రెల కొట్టం ఇప్పుడు కుక్కలది. బర్రెలను అమ్మేశాక ఖాళీగా పడి ఉన్న ఆ రేకుల షెడ్డులోకి మొదట కాలు విరిగిన కుక్క ఒకదాన్ని తెచ్చుకున్నాను. ఆ సంగతి తెలిశాక జనం వాళ్లంతట వాళ్లే తెచ్చి వదలడం మొదలుపెట్టారు. అడిగి వదిలేవాళ్లు తక్కువ. తెల్లారి చూస్తే గేటుకు కట్టేసి ఉంటాయి.

నేను బడికి పోలేదు. అమ్మ ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించింది. అక్షరాలకంటే ముందు ఆమె నేర్పింది ఒకటుంది: పెట్టిన చేతిని దేవుడి ముందు తలుచుకోవాలి. అందుకే దీపం పెట్టినప్పుడు కోళ్ల దుకాణం భాయ్‌ను తలుచుకుంటాను. రోజూ కోడి మెడలూ కాళ్లూ సంచిలో వేసి తెచ్చిస్తాడు. శనివారం రొట్టెలు తెచ్చే ఆవిడనూ తలుచుకునేదాన్ని. ఆవిడకు శని నడుస్తోందని, నల్లకుక్కకు నువ్వుల నూనె రాసిన రొట్టెలు పెట్టమని ఎవరో పంతులు చెప్పాడట. మా దగ్గర నల్లది ఒక్కటే. అది తినగా మిగిలినవి మిగతావాటికి దొరికేవి. ఆవిడ ఇల్లు చల్లగా ఉండాలని మొక్కాను. నిజంగానే మొక్కాను.

ఒకరోజు పొద్దున గేటుకు తెల్ల పామరేనియన్ కట్టేసి ఉంది. ముసలిది, ఒక కంట్లో పువ్వు. నుదుట కుంకుమ బొట్టు, మెడలో బంతిపూల దండ. ఆడపిల్లను అత్తవారింటికి పంపినట్టు సాగనంపారు. బొట్టు పెట్టిన చేతికి గేటు కొట్టే ధైర్యం మాత్రం లేకపోయింది.

అది తిండి ముట్టలేదు. పెరుగన్నం పెట్టాను, భాయ్ ఇంట్లో ఉడికించిన కోడి కార్జం తెచ్చాడు. మూతి తిప్పుకుంది. డాక్టరు వచ్చి సెలైన్ ఎక్కించి, "రోగమేమీ లేదమ్మా, తింటే బతుకుతుంది" అని వెళ్లిపోయాడు. అది గేటు దగ్గరే పడుకునేది.

శనివారం ఆవిడ స్టీలు డబ్బాతో వచ్చింది. అప్పుడే భాయ్ సంచి దించుతున్నాడు. లేవలేని కుక్క లేచింది. గిరగిరా తిరిగి, ఏడుపులాంటి గొంతుతో ఆవిడ కాళ్ల మీద పడింది.

"ఏందక్కా ఇది, మీదికొస్తుంది" అంటూ ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది.

"రొట్టెల వాసనకేమో" అన్నాను. ఆ హడావిడిలో డబ్బాలోంచి ఒక రొట్టె కింద పడింది. కుక్క దాన్ని తొక్కుకుంటూ ఆవిడ దగ్గరికే పోయింది.

"బైఠ్" అని కసిరింది ఆవిడ, అలవాటుగా.

కూర్చుంది. కూర్చుని ముందుకాలు చాపింది.

భాయ్ సంచి ముడి విప్పుతూనే, "మీ హుకుం మస్తు నడుస్తుందమ్మా దీని మీద" అన్నాడు. "మేము గింత బతిమిలాడితే కన్నెత్తి చూస్తలేదు."

ఆవిడ పట్టుకున్న కుచ్చిళ్లు వదిలేసింది. తర్వాత నావైపు తిరిగింది. "మనవడికి దమ్ము, అక్కా. బొచ్చు పడదన్నడు డాక్టరు. నేనేమన్న రోడ్డు మీద పారేసిన్నా? మీ దగ్గరనే కట్టేసిన. బొట్టు పెట్టి, దండేసి పంపిన."

"కోసేముందు యాటకు గూడ దండేస్తరు" అన్నాడు భాయ్.

అతన్ని ఊరుకోమన్నాను. పిల్లాడి ఊపిరి ముందు ఏదైనా తక్కువే. కుక్కను తిరిగి తీసుకుపొమ్మని నేను అనలేదు. ఒక్కటే అడిగాను. "మీ చేత్తో ఒక్క ముక్క పెట్టండమ్మా. మీరు పెడితే తింటది. తర్వాత నేను చూసుకుంటా."

ఆవిడ డబ్బాలోకి చూసుకుంది. "ఇవి నల్లదాని పేరు మీద చేసినయక్కా. తెల్లదానికి పెడితే ఫలం ఉండదు."

నల్లదానికి పెట్టి వెళ్లిపోయింది. తెల్లది కూర్చునే ఉంది. దాన్ని లెమ్మని ఎవరూ చెప్పలేదు.

వారమంతా సెలైన్ మీద, నాకిన కాసిని పాల మీద బతికింది. మళ్లీ శనివారం ఆవిడ లోపలికి రాలేదు. గేటు మీదినుంచి డబ్బా అందించి, "మీరే పెట్టుండ్రి, నన్ను జూస్తే అది ఇడువది" అని సందు మలుపులో నిలబడింది. నేను రొట్టె తుంచి ముందు తెల్లదాని మూతి దగ్గర పెట్టాను. చాలాసేపు వాసన చూసింది. అది ఆ చేతి వాసనే అయి ఉంటుంది. తిన్నది. ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నది.

ఖాళీ డబ్బా ఇస్తుంటే ఆవిడ అడిగింది, "నల్లది మొత్తం తిన్నదా?"

అబద్ధం నా నోటికి రాదు. "తెల్లది తిన్నదమ్మా. దేవుడు మీ చేత దాన్ని బతికించిండు" అని చేతులు జోడించాను. సంతోషిస్తుందనే అనుకున్నాను.

"మరి నా శని?" అంది.

ఆ తర్వాత రాలేదు. అఫ్జల్‌గంజ్ వైపు ఎక్కడో నల్లకుక్కలు దొరికాయని, ఇప్పుడు అటు పోతోందని భాయ్ చెప్పాడు. "ఒక్క అబద్ధం ఆడితే ఏమైతుండె అక్కా? పైవాడు మాఫ్ జేస్తుండె. గీ ముసల్దానికి రొట్టె దొరుకుతుండె."

నువ్వుల నూనె తెప్పించి నేనే రొట్టెలు చేశాను. అది వాసన చూసింది, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూసింది. గేటువైపు తిరిగి పడుకుంది.

కుడితి తొట్టి పక్కన భాయ్ గుంత తవ్వాడు. మట్టి వేసేముందు దాని నుదుట బొట్టు పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఒకసారి పెట్టి పంపారు, చాలు.

ఇప్పటికీ దీపం పెట్టినప్పుడు పెట్టిన చేతులన్నీ గుర్తొస్తాయి. ఆవిడ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. ఆ రొట్టెలు తినబట్టే తెల్లది ఇంకొన్నాళ్లు బతికింది, ఆ మాట కాదనలేను. అమ్మ మాట దాటలేను. తలుచుకుంటాను. తర్వాత నోట్లో వేసుకున్న నైవేద్యపు బెల్లం ముక్క తియ్యగా ఉండదు.