డోలక్ మీద బాపమ్మ తిట్లు

మా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరమూ మాట్లాడుకునేవాళ్లం కాదు... అరుచుకునేవాళ్లం.

తప్పు మాది కాదు. గోడవతల నాలుగు సాంచలు పొద్దంతా నడిచేవి. సాంచలంటే మరమగ్గాలు. మా సిరిసిల్ల నేత వీధిలో ఉప్పు అందివ్వమని అడగాలన్నా ఊరేగింపులో నినాదమిచ్చినట్టు అడగాల్సిందే.

ఆ సాంచల మీద నలభై ఏళ్లు పనిచేసి మా తాత రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. భార్య తిట్లు వినబడని ఏకైక భర్తగా వీధిలో ఆయనకు ప్రత్యేక గౌరవం ఉండేది.

బాపమ్మ, అంటే మేము బాపు అని పిలిచే నాన్న వాళ్లమ్మ, ఆ సంగతి లెక్కచేయకుండా తన ధర్మం తాను నిర్వర్తించేది. కండెలకు నూలు చుడుతూనే మధ్యాహ్నం మొదలుపెట్టేది.

"ఎన్నిసార్లు పిల్వాలె? ఎన్నిసార్లు పిల్వాలె? అన్నం సల్లారుతది... సల్లారుతది... సల్లారుతది!"

చివర గిన్నె మీద మూత ధన్‌మని పడేది. తాత కదిలేవాడు కాదు. అప్పుడు తనే కంచంలో అన్నం పెట్టుకొచ్చి ఆయన పక్కన నేల మీద మెల్లగా ఆనించేది... ఆ చిన్న చప్పుడు సాంచల మోతలో ఎవరికీ వినబడేది కాదు, తాత మాత్రం తిరిగి చూసేవాడు. ఓసారి కరెంటు పోయినప్పుడు నాకు వినబడింది.

ఇక అసలు చరిత్రలోకి వద్దాం.

తాత మా వీధి భజనలో డోలక్ వాయించేవాడు. ప్రతి శనివారం పాటలన్నీ అయ్యాక, హారతి పళ్లెం అందరి దగ్గరికీ తిరిగి వచ్చేదాకా డోలక్ ఒక్కటే మోగాలి. అది తాత ఘట్టం. కానీ చెవులు పూర్తిగా పోయాక పాట ఒక దారిన, తాత ఒక దారిన పోవడం మొదలైంది. భజన పెద్ద కనకయ్య పెద్దబాపు ఓ రోజు మా ఇంటికి వచ్చి, గోడకు వేలాడుతున్న భజన డోలక్ వైపు చూస్తూ నసిగాడు... అంటే మామూలు గొంతుతో అరిచాడు.

"కాకా, ఇగ డోలక్ ఎనక వాడోళ్లకు ఇద్దమనుకుంటున్నం!"

బాపమ్మ చేతులతో సైగ చేసి చెప్పింది. తాత మొహం చిన్నబోయింది. కాసేపు డోలక్‌ను చూసి, మూలన కూర్చుని పేలాలు తింటున్న తొమ్మిదేళ్ల నన్ను చూపించాడు.

"నా మనుమరాలు కొడ్తది."

"ఆడివిల్లనా?" అన్నాడు కనకయ్య పెద్దబాపు.

"ఆడనా మగనా అని డోలక్ ఏమన్న అడిగిందా నిన్ను?" అంది బాపమ్మ.

ఒప్పందం కుదిరింది. నెల తర్వాత హారతికి నేను వాయించాలి. బాగుంటే డోలక్ మా ఇంట్లోనే ఉంటుంది. లేదంటే పోతుంది... దాంతోపాటు తాత శనివారం కూడా.

పాఠాలు మొదలయ్యాయి. నేను వాయిస్తుంటే తాత డోలక్ చెక్క మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకునేవాడు. "గీ చెయ్యే నా చెవి" అనేవాడు. వారంలో నేను మహా విద్వాంసురాలినైపోయానని నాకు గట్టి నమ్మకం కలిగింది. టకా ధన్... టకా ధన్... ఒక్క దెబ్బ తప్పితే ఒట్టు!

తాత పెదవి విరిచాడు.

"గిది సాంచ కొట్టుడే బిడ్డా. సాంచ ఉండనే ఉన్నది గద, ఇగ నువ్వెందుకు? డోలక్ మాట్లాడాలె. ఎవలదన్న ఒక మాట వట్టుకో."

పట్టుకున్నాను. బాపు గురక వాయించాను. లెక్కల సారు దగ్గు వాయించాను. పక్కింటి బర్రె ఈనడం కూడా వాయించాను. అన్నిటికీ తాత తల అడ్డంగానే ఊపాడు.

ఆ శనివారం రానే వచ్చింది. హారతి వెలిగింది. పాట ఆగింది. తాత నా పక్కన కూర్చుని చెక్క మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాడు. నేను తెలివిగా వీధిలోని సాంచల మోతనే తాళంగా పట్టుకుని మొదలుపెట్టాను. టకా ధన్... టకా ధన్...

కరెంటు పోయింది.

వీధిలో సాంచలన్నీ ఒక్కసారిగా ఆగాయి. వాటితోపాటు నా చేతులూ ఆగాయి. భజనలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు... తాళం ఎక్కడుందో వెతుక్కుంటున్నాను. కనకయ్య పెద్దబాపు గొంతు సవరించుకున్నాడు. తాత చెక్క మీద రెండో చెయ్యి కూడా వేశాడు.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి, సాంచలు నడుస్తున్నాయనే అనుకున్నట్టు, బాపమ్మ గొంతు...

"కొట్టవేందే! ఎన్నిసార్లు చెప్పాలె? ఎన్నిసార్లు చెప్పాలె?"

నా చేతులు ఆ మాటను పట్టేసుకున్నాయి. ఎన్నిసార్లు పిల్వాలె... ఎన్నిసార్లు పిల్వాలె... డోలక్ లావు వైపు మొదలుపెట్టి సన్న వైపుకు ఎక్కించాను. సల్లారుతది... సల్లారుతది... సల్లారుతది! రెండు చేతులతో మూత ధన్! ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

ఆ తర్వాత ఆగాను. ఈసారి భయంతో కాదు. ఒక్క వేలితో, లావు వైపు, మెల్లగా... కంచం ఆనించిన చప్పుడు.

తాత కళ్లు తెరిచాడు. చెవులు లేనివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, భజనంతటికీ వినబడేలా అన్నాడు...

"మీ బాపమ్మనే... అన్నం వెట్టింది!"

బాపమ్మ మొహం మీదికి కొంగు లాక్కుంది. కనకయ్య పెద్దబాపు చేతిలో హారతి అలాగే ఉండిపోయింది. "డోలక్ మీ ఇంట్లనే ఉండని కాకా" అని ఖాళీ చేత్తో సైగ చేశాడు.

ఇప్పుడు మా వీధిలో చాలా సాంచలు ఆగిపోయాయి. తాత లేడు. డోలక్ హైదరాబాద్‌లో నా గదిలో ఉంది. సిరిసిల్లలో, మెల్లగా మాట్లాడినా వినబడే ఇంట్లో బాపమ్మ ఇంకా అరుస్తూనే ఉంది... రోజూ ఫోన్‌లో, "తిన్నవానే? ఎన్నిసార్లు అడగాలె?" అని. స్పీకర్ పెట్టుకుని నేను దానికి డోలక్ వాయిస్తాను. ఇంకా ఎక్కువ తిడుతుంది.

తిట్లన్నీ ఫోన్‌లో వస్తాయి... కంచం చప్పుడు ఒక్కటే రాదు.

మీ ఇంట్లో ఎవరి తిట్లకు తాళం బాగుండేది? కింద రాయండి... వాయించి చూస్తాను.