గుర్రం కాళ్ళ కింది అక్షరం

మా ఇంటికి కేబుల్ టీవీ వచ్చిన ఏడు, మా ఆయన వేలూరు కోట ముందర పాత నాణేలమ్మే అతని దగ్గర గ్రీకు వెండి నాణెం ఒకటి కొనుక్కొచ్చాడు. ఒకవైపు దేవత తల, రెండోవైపు రెక్కల గుర్రం. చూస్తూనే "ఇది కొరింథులో ముద్రించింది" అని తేల్చేశాడు. చరిత్రలో బి.ఏ. చేసినదాన్ని, ఊరుకుంటానా? అదే గుర్రాన్ని చాలా ఊళ్ళు ముద్రించుకున్నాయి, ఏ ఊరిదో దాని కాళ్ళ కింది అక్షరమే చెప్పాలి అన్నాను. ఓడినవాళ్ళు నెల్లాళ్ళు వంట చెయ్యాలని పందెం.

నేను భూతద్దం సంపాదించేలోగా మా అత్త నాణేన్ని గుడియాత్తం తీసుకుపోయి, కంసాలి ఆచారి చేత కొక్కెం అతికించి మెళ్ళో వేసుకుంది. దేవత తల నిటారుగా ఉండాలని పట్టుబట్టిందట. వెనక్కి తిప్పితే గుర్రం తలకిందులుగా ఉంది, కొక్కెం సరిగ్గా అక్షరం మీద కూర్చుంది.

"అత్తా, ఆ కొక్కెం ఊడదీయించండి!"

"అమ్మవారి నెత్తిమీద చెయ్యి పెడతావా? పోయి నోరు కడుక్కో."

మా ఆయన నవ్వుతూ, "తేలేదాకా వంట నీదే" అన్నాడు.

అంతలో పక్కింటామె వచ్చి బిళ్ళను పట్టి చూసింది. "బాగుండాది పెద్దమ్మా, యాడ చేయించినారు?"

"గుడియాత్తంలో," అంది మా అత్త గర్వంగా.

నేను మా ఆయన వైపు తిరిగాను. "విన్నారా? ఇద్దరం ఓడిపోయినాం. లేచి బియ్యం కడగండి."