వంక పెట్టని గురువారం

నెదర్లాండ్స్‌లోని లేవార్డెన్ ఊళ్ళో హిస్కె వంట తిన్నవాళ్ళలో ఆమెకు ముఖం మీద వంక పెట్టనివాళ్ళు లేరు. అక్కడి పద్ధతే అంత. ఉప్పెక్కువైతే ఎక్కువైందంటారు. బాగుంటే గిన్నె రెండోసారి చాచి ఊరుకుంటారు. మెచ్చుకోవడానికి మాత్రం ఆ జనానికి నోరు పెగలదు. వాళ్ళ మధ్యే పుట్టి పెరిగిన హిస్కెకు అదెన్నడూ బాధ అనిపించలేదు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. వయసంతా ఒక బూట్ల దుకాణంలో మోకాళ్ళ మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ పాదాలకు బూట్లు తొడిగింది. అన్నేళ్ళలో ఆమె మాట ఖాతరు చేసినవాడు లేడు. పేటలోని సామాజిక భవనంలో గురువారం భోజనాలు మొదలై, వంటగది తన చేతికొచ్చాకే తనూ ఒక మనిషినన్న ధీమా కలిగింది. ఒంటరి ముసలివాళ్ళెందరో ఆమె బఠాణీ సూపు కోసం వారమంతా ఎదురుచూసేవారు. పడవలు నడిపి మానేసిన వొబ్బె అయితే గిన్నెలో చెంచా నిలువుగా గుచ్చి, హాలంతా వినేలా తీర్పు చెప్పేవాడు. చిక్కదనం చాలక చెంచా ఒరిగిందో, ఇక అంతే.

“హిస్కె, ఇది సూపా, కాలవ నీళ్ళా? ఇందులో చేపలేవీ?”

“నోరు మూసుకుని తిను. లేకపోతే నిన్నే వేసి ఉడకబెడతా!” అని వంటగదిలోంచి ఆమె అరిచేది. అందరూ పడీపడీ నవ్వేవారు.

కరోనా వచ్చి తలుపులు మూశారు. హిస్కెకూ ఆ జబ్బు వచ్చింది, పోయింది. పోతూపోతూ ముక్కునూ నాలుకనూ వెంట పట్టుకుపోయింది. కాఫీ ఉత్త వేడినీళ్ళైంది. రొట్టె నమిలితే అట్టముక్క నమిలినట్టే ఉండేది. “వస్తుందిలెండి, ఓపిక పట్టండి” అన్నాడు డాక్టరు. ఓపికే పట్టింది. పొద్దున్న లేవగానే కాఫీ డబ్బాలో ముక్కు పెట్టి గట్టిగా పీల్చేది. ఏమీ తెలిసేది కాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే వంటగది పోతుంది. అది కూడా పోతే ఆమెకు మిగిలేదేముంది?

చివరికి భవనం మళ్ళీ తెరుస్తున్నామన్నారు. మొదటి గురువారం హిస్కె సూపే ఉండాలని అందరూ పట్టుబట్టారు. నాలుక పోయినా చేతులకు గుర్తుంటుందిలే అనుకుంది. ఏదైనా తేడా వస్తే వాళ్ళే చెబుతారు. వొబ్బె ఉన్నాడుగా, కడిగి పారేస్తాడు. ఆ ధైర్యంతోనే పొయ్యి వెలిగించింది.

బఠాణీ పప్పు, దుంపలు, పంది మాంసం వేసి పొద్దుటి నుంచీ గరిటె తిప్పుతూనే ఉంది. హాల్లో కుర్చీల చప్పుడు వినబడేసరికి ప్రాణం ఆగలేదు. ఎవరొచ్చారో, ఎవరు ఇక రారో చూద్దామని తలుపు దగ్గర నిలబడింది. ఖాళీ కుర్చీలు చూసి అక్కడే కాసేపు ఉండిపోయింది. తర్వాత మళ్ళీ పొయ్యి దగ్గరికొచ్చి గరిటె అందుకుంది.

ఇంతలో భవనం చూసుకునే యిల్దౌ లోపలికొచ్చి ఠక్కున ఆగింది. గబగబా వెళ్ళి కిటికీ బార్లా తెరిచింది. బయట మంచు పడుతోంది.

“చలికి చంపుతావా ఏంటే?”

“ఉక్కగా ఉంది పిన్నీ” అంది యిల్దౌ, ఇటు తిరగకుండానే.

వడ్డన అయింది. వొబ్బె చెంచా గుచ్చాడు. నిలబడింది. ఒక చెంచాడు నోట్లో పెట్టుకున్నాడు. హిస్కె నడుం మీద చేతులు పెట్టుకుని జవాబు సిద్ధం చేసుకుంది.

“బాగుంది” అన్నాడు వొబ్బె.

పక్క బల్ల నుంచి ఇంకెవరో, “అవును, బాగుంది” అన్నారు. తర్వాత హాలంతా అదే మాట. ఒక్కరూ తలెత్తలేదు. ఇన్నేళ్ళలో ఆ హాల్లో హిస్కె ఆ మాట వినలేదు.

లోపలికి పరుగెత్తి పొయ్యి మీది పెద్ద గిన్నె అడుగున గరిటెతో గీకింది. నల్లటి పెచ్చు లేచొచ్చింది. తల వంచి గిన్నెలో ముక్కు పెట్టి పీల్చింది. మాడు వాసన తెలియలేదు, అసలు ఏ వాసనా తెలియలేదు. యిల్దౌ కిటికీ ఎందుకు తెరిచిందో అప్పుడర్థమై, సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

వొబ్బె ఖాళీ గిన్నెతో గుమ్మంలో నిలబడ్డాడు.

“అడుగంటింది” అంది హిస్కె.

అతను గిన్నె అంచు బొటనవేలితో తుడిచాడు.

“ఎప్పటిలా నాలుగు తిట్టు వొబ్బె. నీకు దణ్ణం పెడతా, తిట్టు.”

“ఇంకాస్త ఉంటే పెట్టు” అన్నాడతను, గిన్నె చాచి.

మాడు తగలకుండా పైపైన తీద్దామని గరిటె ముంచింది హిస్కె. మాడు ఎక్కడిదాకా పాకిందో, మంచి సూపు ఎక్కడుందో, అసలుందో లేదో ఆమెకు తెలియలేదు. ముంచిన గరిటె ముంచినట్టే కాసేపు పట్టుకుంది. తర్వాత పక్కకు జరిగి, “నువ్వే రుచి చూసి తీసుకో” అని గరిటె వొబ్బె చేతికిచ్చింది.