బొమ్మ రాని ఆదివారం

వారంలో ఆదివారం ఒక్కరోజే నేను ఎవరిమీదా అరవనక్కర్లేదు. మిగతా రోజులన్నీ ఒకటో తరగతి పిల్లల మీద అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంటుంది. ఆ ఆదివారం ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, అది ఉడికేలోపల కాసేపు గోడకు ఆనుకుని నిలబడదామనుకున్నాను. అంతలో ముందు గదిలోంచి మామగారి కేక.

"అమ్మాయ్! బొమ్మ రావడంలా!"

బొమ్మ అంటే మా రొయ్యల గుంట బొమ్మ. గుంట మా ఇంటికి తూర్పున, సరుగుడు తోట అవతల ఉంటుంది. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు వస్తే ఇక అన్నీ గుంటలే. పోయిన వానాకాలంలో ఆ గుంట కట్ట మీదే మామగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు. గుండె కూడా బలహీనంగా ఉంది, కంగారు పెట్టే మాటలేవీ చెవిన వెయ్యొద్దు అని డాక్టరు నన్నూ మా ఆయననూ పక్కకు పిలిచి చెప్పాడు.

చెవిన వెయ్యకుండా ఉండటానికి ఆయన ఊరుకుంటే కదా. మేత వేశారా, నీళ్ళ రంగు ఎట్లా ఉంది, ఏరియేటర్లు అన్నీ తిరుగుతున్నాయా అని మంచం మీద నుంచి మా ఆయనకు ఒకటే ఫోన్లు. నీళ్ళు చిలికి రొయ్యలకు గాలి అందించే ఆ ఏరియేటర్లు ఒక్క పూట ఆగితే గుంట గుంటంతా పోతుంది కాబట్టి ఆయన భయం ఆయనది. చివరికి మా ఆయన విసుగెత్తి, కట్ట మీద కెమెరాలు పెట్టించారు. ఒకప్పుడు నడిపి మూసేసిన మేతల షాపులో ఒక పాత కంప్యూటర్ మిగిలి ఉంటే దాన్ని తెచ్చి మంచానికి ఎదురుగా బల్ల మీద పెట్టారు. అప్పటినుంచి మామగారు గుంటను చూస్తూ తింటారు, గుంటను చూస్తూ కునుకు తీస్తారు, కొంగ వాలితే కొడుక్కి ఫోన్ చేసి తిడతారు. ఏమైతేనేం, ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంది.

వెళ్ళి చూశాను. కంప్యూటర్ ముందున్న దీపం వెలుగుతోంది, లోపల ఫ్యాను గుయ్యిమని తిరుగుతోంది. తెర మాత్రం నల్లగా ఉంది. స్విచ్చి ఆర్పి వేశాను. మళ్ళీ అంతే.

"ముందు ఇడ్లీ తినండి మామా. మాత్రలు వేసుకోవాల."

"బొమ్మ రానీ. తింటాలే."

ఆ మాట అన్నారంటే ఇక ఆ నోట్లోకి మెతుకు పోదు. మాత్రలు పరగడుపున వేసుకునేవి కావు. మా ఆయన ఇంకా చీకటుండగానే గుంట దగ్గరికి వెళ్ళిపోయారు, ఫోన్ ఎత్తడం లేదు. నెల్లూరులో మాకు కంప్యూటర్ బాగుచేసే ఆయనకు చేశాను. గుసగుసగా పలికాడు.

"చర్చిలో ఉండాను మేడమ్. సాయంత్రం దాకా రాలేను. నేను వాయిస్ పెడతా ఉంటా, మీరు ఒక్కోటి చేసుకుంటా పోండి."

అలా మొదలైంది నా ఆదివారం. వెనకాల కీర్తనలు, ముందు ఆయన ఆజ్ఞలు. మానిటర్ దీపం ఏ రంగులో ఉంది? నారింజ రంగులో ఉంది. అయితే మానిటర్‌కు కరెంటు వస్తోంది, బొమ్మే అందడం లేదు. రెండువైపులా కేబుల్ పీకి గట్టిగా గుచ్చండి. గుచ్చాను. వేరే తెరకు పెట్టి చూడండి. వేరే తెర అంటే మా ఇంట్లో టీవీ ఒక్కటే. దాన్ని గోడ మీద నుంచి దించి, పసిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చి మంచం చివర ఆనించి తగిలించాను. అదీ నల్లగానే ఉంది. వేసినప్పుడు లోపలినుంచి కూత ఏమన్నా వస్తోందా? ఫ్యాను మోత తప్ప ఏ కూతా లేదు. మధ్యలో ఇడ్లీ పాత్రలో నీళ్ళు ఇంకిపోయి అడుగంటిన వాసన వచ్చింది.

"వచ్చిందా?" అని మామగారు.

"వస్తే మీకు కనపడదా మామా?"

పెద్దాయన మీద విసుక్కున్నానే అని బాధ పడాల్సింది. పడలేదు. అంత ఓపిక కూడా లేదు నాకు. పక్కనున్న ఇడ్లీ పళ్ళెం చల్లారిపోయింది, ఈగలు వాలకుండా దాని మీద మూత పెట్టాను.

చర్చి అయిపోయినట్టుంది, ఈసారి కంప్యూటర్ ఆయన గొంతు పైకి లేచింది. "అయితే ర్యామే మేడమ్, లోపల సన్నటి పలక మాదిరి ఉంటాది. మీది సముద్రం పక్క. ఉప్పుగాలికి దాని అంచున ఉండే ఇత్తడి రంగు గీతలకు చిలుము పడతాది. మూత విప్పి, ర్యామ్ తీసి, రబ్బరుతో రుద్ది మళ్ళా పెట్టండి. తీసే ముందర కిటికీ ఇనప ఊచ ఒకసారి పట్టుకోండి, ఒంట్లో కరెంటు పోతాది."

ఒకటో తరగతి టీచరు సంచిలో రబ్బర్లకు కరువా. కరెంటు తీసేసి, కిటికీ ఊచ పట్టుకుని, పెట్టె పక్కమూత విప్పాను. లోపల దుమ్ము, ఒక చచ్చిన బొద్దింక, కాస్త ఇసుక. ఫోటో తీసి పంపి, ఇందులో ర్యామ్ ఏదో చెప్పమన్నాను.

వెంటనే ఫోన్ చేశాడు. "ర్యామ్ తీసినాక ఫోటో పంపినారా మేడమ్?"

"నేనేం తీయలేదు. ఇప్పుడే మూత విప్పినా."

"మరి అది పెట్టే సందు ఖాళీగా ఉండాదే! ర్యామ్ లేకుండా బొమ్మ యాడ్నుంచి వస్తాది?"

"నిన్న రాత్రి దాకా వచ్చిందండీ."

"అయితే ఎవురో పీకినారు మేడమ్."

నేను పీకలేదు. మంచం దిగలేని మనిషి పీకలేడు. ఇక మిగిలింది మా ఆయన. ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళి, ఎత్తేదాకా చేస్తూనే ఉన్నాను. చివరికి ఎత్తారు. వెనకాల ట్రేలు విసిరేస్తున్న చప్పుడు, ఐసు పగలగొడుతున్న చప్పుడు.

"ర్యామ్ నువ్వే తీసినావా?"

"వైట్ స్పాట్ రోగం తగిలిందిమే," అన్నారు. "నిన్న సాయంత్రం రొయ్యలు గట్టుకొచ్చి తేలినాయి. పెంకు మీద తెల్లమచ్చలు. తెల్లారేసరికి అడుగున కుప్పలు. బతికున్న కాడికి పట్టేస్తా ఉండాం. ఇదంతా నాయన తెర మీద చూస్తే ఏం కావాల?"

బట్టలుతికే రాయి మీద కూర్చుండిపోయాను. ఇంకో నెల ఆగితే పంట. ఆ గుంట ఆ ముసలాయన తవ్వించింది, ఆయన తుంటి విరిగింది దాని మీదే.

"నాకన్నా చెప్పొచ్చు కదా. పొద్దుటినుంచి టీవీలు మోస్తా ఉండాను."

"నీకు చెప్తే నీ మొకం చూసి ఆయన కనుక్కుంటాడు. నీకు దాచడం రాదు. ర్యామ్ ఫ్రిజ్జు మీద ఉండాది, నాయన పాత కళ్ళజోడు డబ్బాలో. ఇప్పుడు మాత్రం పెట్టబాక."

ఫోన్ పెట్టేశారు. నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. రెండూ కొళాయి దగ్గర కడుక్కుని, మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళాను.

"ఒక సామాను పోయిందంట మామా. నెల్లూరు నుంచి రావాల. రేపు గానీ కుదరదు. మీరు తినండి."

మామగారు నల్లటి తెరనే చూస్తున్నారు. నా వైపు తిరగలేదు.

"కరెంటు ఉండాది కదా అమ్మాయ్?"

"ఉండాది."

"ఏరియేటర్లు మోగడంలా."

నేను వినడానికి ప్రయత్నించాను. తూర్పుగాలి తోలుతోంది. ఆ గాలికి రోజూ సరుగుడు తోట మీదుగా ఆ మోత ఇంట్లోకి వస్తూనే ఉంటుంది, అలవాటై మేము పట్టించుకోము. ఆ రోజు సరుగుడు చెట్ల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"తెల్లారినప్పటి నుంచి లేదు," అన్నారాయన. "గుంట పోయింది. వాడు చెప్పకపోతే నాకు తెలీదా? పోతే పోనీ. పోవడం ఇదే మొదటిదా ఏంది? నేను అడిగేది గుంట కాదు. పంట పోయినోడు కట్ట మీద ఒంటిగా ఉండకూడదు అమ్మాయ్. వాడి పక్కన ఎవురన్నా ఉండారా లేదా, అది చూడాల నాకు."

పొద్దుటినుంచి ఆయన ఒక్కసారి కూడా రొయ్య మాట ఎత్తలేదని అప్పుడు గుర్తొచ్చింది. తండ్రికి తెలియకూడదని కొడుకు, కొడుకు ఏమైపోతాడోనని తండ్రి. మధ్యలో వీళ్ళ కంప్యూటర్ విప్పడానికి, అబద్ధాలు మోయడానికి నేను. ఇద్దరి మీదా ఒళ్ళు మండిపోయింది. ఫ్రిజ్జు దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు డబ్బా తెచ్చాను.

ర్యామ్ మిలమిలలాడుతోంది, ఏ చిలుమూ లేదు. అయినా సంచిలోంచి తీసిన రబ్బరు ఉంది కదా అని దాంతో ఒకసారి రుద్ది, సందులో పెట్టి రెండు వైపులా నొక్కాను. టక్కుమంది. స్విచ్చి వేశాను.

బొమ్మ వచ్చింది. గుంటలో నీళ్ళు సగానికి దిగిపోయి బురద తేలింది. లారీ దగ్గర మనుషులు ట్రేలు ఎక్కిస్తున్నారు. మామగారు ఆ వైపు చూడనే లేదు. కళ్ళజోడు సర్దుకుని తెర మూలమూలా వెతికారు.

"అదిగో, మోటారు షెడ్డు పక్కన," అన్నాను నేను. మా ఆయన కట్ట మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య తల వంచుకుని ఉన్నారు. చుట్టుపక్కల ఎవరూ లేరు.

మామగారు చేత్తో గుమ్మం వైపు చూపించారు. "నువ్వు పో," అన్నారు. "కేరేజీ తీసుకొని పో. నాకు తెలుసునని చెప్పబాక, వాడు దానికీ ఏడుస్తాడు. ఊరికే పక్కన కూచో. నేను ఈడ చూస్తా ఉంటా."

"మరి మీరు తినేది?"

"వాడు ఒక ముద్ద నోట్లో పెట్టుకోనీ. అది చూసి తింటా."

మాడని ఇడ్లీలు ఏరి కేరేజీలో సర్దాను. మామగారి పళ్ళెం, మాత్రలు, నీళ్ళ చెంబు ఆయన చేతికి అందేలా పెట్టి బయల్దేరాను. గుంట దగ్గర నీచువాసన ముక్కు పగలగొడుతోంది. మా ఆయన పక్కనే కట్ట మీద కూర్చుని కేరేజీ విప్పాను.

"నాయనకు తెలీదు కదా?" అని అడిగారు.

"తెలీదు," అన్నాను.

నా మొహం చూసి కనుక్కుంటారేమోనని గుంట వైపు తిరిగాను. ఆయన చూడలేదు. చాలాసేపటికి ఒక ఇడ్లీ తుంచి చేతిలో పట్టుకున్నారు. తల ఎత్తి చూస్తే, షెడ్డు మీద కెమెరాకు సరిగ్గా నేనే అడ్డంగా ఉన్నాను. కొంచెం పక్కకు జరిగి కూర్చున్నాను.